ఆకుల కుప్పే కదా అని అలుసు చెయ్యకమ్మా

అమ్మడూ,

పెరట్లో రాలిన ఆకుల్ని తగలబెట్టకుండా మూలన కుప్ప వేసి ఎరువు చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమేసింది. మాఘం దాటి ఫాల్గుణం వచ్చిందంటే చాలు, మన ఊళ్ళోనూ మీ హైదరాబాదు కాలనీల్లోనూ పొద్దున్నే కానుగాకు, వేపాకు పోగులు పెట్టి నిప్పంటిస్తారు. ఆ పొగకి ఉబ్బసం ఉన్నవాళ్ళు తలుపులు బిగించుకుని కూర్చోవలసి వస్తుంది. చెత్త తగలబెట్టకూడదనీ, తోటలో పోగయ్యే ఆకూ అలమూ ఎవరి ఆవరణలో వాళ్ళు వేరుగా ఉంచాలనీ 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు స్పష్టంగానే చెప్పాయి. వినేవాళ్ళు తక్కువ. నువ్వు వినడమే కాకుండా దాన్ని ఎరువుగా మారుస్తున్నావు. ఈ పని మానకు. నేను చెప్పబోయేది ఏదీ మానెయ్యమని చెప్పడానికి కాదు. ముందు ఆ మాట మనసులో పెట్టుకుని తక్కినది చదువు.

మీ అమ్మ ఇంకో సంగతి కూడా చెప్పింది. "అందులో పేడ లేదు గీడ లేదు, ఒట్టి ఆకులే కదమ్మా, బుజ్జిగాడు కాసేపు ఆడుకుంటే ఏమవుతుంది?" అన్నావట. వ్యవసాయ శాఖలో ఉన్నన్నాళ్ళూ ఎరువు గుంతల దగ్గర నిలబడి రైతులతో మాట్లాడినవాణ్ణి. ఆ మాట విన్నాక నీకు నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోయాను.

నిజమే, పశువుల పెంటతోనో కోళ్ళ ఎరువుతోనో పోలిస్తే ఒట్టి ఆకుల్లో రోగాలు తెచ్చే బాక్టీరియా బాగా తక్కువ. అంతవరకు నీ లెక్క సరైనదే. కానీ ఆకు చెట్టున ఉన్నప్పుడు ఉన్నంత శుభ్రంగా నేల మీద పడ్డాక ఉండదు. మీ పిట్టగోడ మీద పొద్దస్తమానం పావురాలు వాలుతుంటాయి. వాటి రెట్టలో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు. గోడ మీద తిరిగే బల్లి పెంటికలోనూ అదే ఉండొచ్చు. వీధి కుక్క గేటు సందులోంచి దూరి ఆ ఆకుల మీదే కాలెత్తుతుంది, పిల్లి వచ్చి గోకి కప్పెడుతుంది. వెచ్చగా, మెత్తగా ఉన్న ఆకుల పోగు అడుగున ఎలుకలూ పందికొక్కులూ కాపురం పెడతాయి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరా అనే బాక్టీరియా వస్తుంది. తడి నేలలో అది రోజుల తరబడి బతికి, కాలి మీది చిన్న గాటులోంచి ఒంట్లోకి పోగలదు. ఇక వీధి ఊడ్చిన ఆకులు కూడా నీ కుప్పకే తెచ్చి పోయిస్తున్నావని విన్నాను. వాటిలో పక్కింటి పిల్లల డైపర్లు, చికెన్ కొట్టు కవర్లు, పొంగిన డ్రైనేజీ నీళ్ళు తగిలిన చెత్త ఏం కలిసి వస్తాయో చూసుకున్నావా? పైగా నేడో రేపో ఎవరో ఒకరు "కుప్ప త్వరగా మాగాలంటే పేడ నీళ్ళు చల్లు" అంటారు. ఆ సలహా మంచిదే, నేనూ చాలామందికి ఇచ్చాను. కానీ చల్లిన క్షణం నుంచి అది ఒట్టి ఆకుల కుప్ప కాదు. పశువు పేగుల్లో ఉండేవన్నీ అందులోకి వచ్చి చేరినట్టే.

మరి వీటిని చంపేది ఏది అంటావా? వేడి. కుప్ప తనలో తాను పుట్టించుకునే వేడి. మందూ మాకూ ఏదీ అక్కర్లేదు.

అది ఎలా పుడుతుందో చెబుతాను. ఆకుల్లోని పిండి పదార్థాల్నీ మాంసకృత్తుల్నీ మామూలు బాక్టీరియా తినడం మొదలుపెడతాయి. తినేటప్పుడు వాటి ఒంట్లోంచి వేడి వస్తుంది. కుప్ప పెద్దదైతే ఆ వేడి బయటికి పోలేక లోపలే నిలుస్తుంది. రెండు మూడు రోజుల్లో 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ పైన మామూలు బాక్టీరియా తట్టుకోలేక తగ్గిపోయి, వేడిని ఇష్టపడే జాతులు పెరుగుతాయి. అవి కుప్పను 55, 60, ఒక్కోసారి 65 డిగ్రీల దాకా తీసుకుపోతాయి. ఆ దశలో కుప్పను పారతో విప్పి చూస్తే ఆవిరి లేస్తుంది. లోపలి ఆకుల మీద తెల్లగా బూడిద జల్లినట్టు ఒక పూత కనిపిస్తుంది. బూజు పట్టిందని దాన్ని తీసి పారెయ్యకు. యాక్టినోమైసీట్స్ అనే బాక్టీరియా అది, గట్టి ఆకుల్ని విరిచి మట్టి చేసేవాటిలో ముఖ్యమైనది. తొలకరి చినుకు పడ్డప్పుడు నేల నుంచి వచ్చే ఆ వాసన కూడా వాటి పుణ్యమే. కుప్పకి ఆ వాసన వస్తోందంటే అది మంచి దారిలో ఉందని అర్థం.

హెరాల్డ్ గోటాస్ అనే ఇంజనీరు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1956లో కంపోస్టు మీద ఒక పుస్తకం రాశాడు. అందులో ఏ క్రిమి ఎంత వేడికి ఎంతసేపట్లో చస్తుందో ఒక పట్టిక ఇచ్చాడు. సాల్మొనెల్లా, ఇ. కొలై లాంటి బాక్టీరియా 55 డిగ్రీల దగ్గర దాదాపు గంటలోనూ, 60 డిగ్రీల దగ్గర 15, 20 నిమిషాల్లోనూ చస్తాయని ఆ పట్టిక చెబుతుంది. ఇది చదివి "ఓస్, గంట చాలు కదా" అనుకోవద్దు. కుప్ప నడుమ 60 డిగ్రీలున్న సమయానికే అంచున 35 ఉండొచ్చు. అడుగున నేలకి తగిలే చోట ఇంకా తక్కువ. నడుమ ఉన్నవి చచ్చినా అంచున ఉన్నవి హాయిగా బతుకుతుంటాయి. అందుకే అమెరికా పర్యావరణ సంస్థ 1993లో మురుగు బురదతో చేసే కంపోస్టుకు ఒక నియమం పెట్టింది. ఆరుబయట బారుగా పేర్చిన కుప్పలైతే 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు ఉండాలి, ఆ 15 రోజుల్లో కనీసం 5 సార్లు తిరగెయ్యాలి. మూసిన తొట్టిలోనో, గొట్టాలతో గాలి ఊదే కుప్పలోనో అయితే 3 రోజులు చాలు. నీది మురుగు బురద కాదు, ఆకులు. అయినా ఆ నియమంలోని ఆలోచన నీ కుప్పకీ వర్తిస్తుంది. గంటలో చచ్చేవాటి కోసం 15 రోజులు ఎందుకంటే, కుప్పలోని ప్రతి పిడికెడూ ఒక్కసారైనా నడుముకి వచ్చి ఆ వేడిని చూడాలని.

కాబట్టి తిరగెయ్యడమంటే పైపైన కదిపి వదిలెయ్యడం కాదు. అంచున ఉన్నది లోపలికి, లోపల ఉన్నది అంచుకి పోవాలి. కుప్ప పక్కనే అంత జాగా ఖాళీగా ఉంచుకుని, పై పొరా పక్కల పొరా ముందు తీసి ఆ జాగాలో అడుగున, నడుమన పడేటట్టు వేసి, లోపలిదాన్ని దాని మీదా చుట్టూ కప్పు. మూడు రోజులకొకసారి ఇలా చేస్తే సరిపోతుంది. పని వాళ్ళకి అప్పజెప్పినా మొదటి రెండుసార్లు పక్కనుండి చేయించు. చాలామంది కుప్పని అటూ ఇటూ తోసి అయిపోయిందంటారు.

వేడి తెలుసుకోవడానికి పొడుగాటి కాడ ఉన్న కంపోస్టు థర్మామీటరు దొరికితే కొనుక్కో. లేకపోతే ఒక ఇనుప చువ్వ కుప్ప నడుముకి దిగ్గొట్టి, పావుగంట ఆగి లాగి, లోపలున్న కొస పట్టుకు చూడు. చెయ్యి ఆనించి ఉంచలేనంతగా కాలితే కుప్ప పని చేస్తున్నట్టే. గోరువెచ్చగా ఉంటే ఇంకా వేడెక్కలేదు. చల్లగా ఉందంటే నువ్వు చేస్తున్నది ఆకులు దాచిపెట్టడమే.

ఎందుకు వేడెక్కదో కూడా తెలుసుకో, ఎక్కువమంది ఇక్కడే చతికిలబడతారు. మొదటిది పరిమాణం. పొడుగూ వెడల్పూ ఎత్తూ మూడేసి అడుగులైనా లేని కుప్పలో వేడి నిలవదు. రెండోది సరుకు. ఎండుటాకుల్లో కార్బను ఎక్కువ, నత్రజని తక్కువ. కార్బను 25 నుంచి 30 పాళ్ళుంటే నత్రజని ఒక పాలు ఉండాలి. ఎండుటాకుల్లో కార్బను దానికి రెట్టింపు దాకా ఉంటుంది. అందుకే ఒట్టి ఎండుటాకులు ఏడాదైనా అలాగే పడి ఉంటాయి. వాటిలో పచ్చిగడ్డి, కత్తిరించిన పచ్చి కొమ్మలు, కూరగాయల తొక్కలు పొరలు పొరలుగా కలుపు. మీ వీధిలో కానుగ చెట్లున్నాయి కదా, పచ్చి కానుగాకు దీనికి చక్కగా పనికొస్తుంది. వరి మళ్ళలో పచ్చిరొట్టగా తొక్కేది అదే ఆకు. గిరిపుష్పం రొట్ట దొరికినా మంచిదే. మామిడాకు తోలులా ఉండి చివకదు, దాన్ని నలిపో తుంచో వెయ్యి. కొబ్బరి మట్టల జోలికి పోకు.

మూడోది తడి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎక్కువైనట్టు. గాలి ఆడక కుళ్ళు వాసన వేస్తుంది, వేడి పడిపోతుంది. అసలు తడే రాకపోతే ఇంకో ప్రమాదం ఉంది. రోహిణీ కార్తె ఎండల్లో కుప్ప పై పొర పెళపెళలాడుతూ ఎండిపోతుంది. అలా ఎండిన చోట సాల్మొనెల్లా చావడానికి బదులు మొండిబారుతుంది. తడిగా ఉన్నప్పుడు చచ్చే వేడికి ఎండిపోయినప్పుడు చావదు. ఎండాకాలంలో బయట 44 డిగ్రీలుంది కాబట్టి క్రిములు వాటంతటవే చస్తాయని చాలామంది అనుకుంటారు. అది నమ్మకు. తడిపిన గోనె సంచులు కప్పి పై పొరని తడిగా ఉంచు. వానాకాలంలో ఆ గోనెల మీదే ఒక తార్పాలిన్ వెయ్యి, అంచులు మాత్రం బిగించకు.

మన దేశంలోనే పుట్టిన రెండు పద్ధతుల గురించి ఇక్కడ చెప్పకపోతే నాకు తోచదు. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో ఉండి, మన రైతుల దగ్గర చూసినదాన్ని కూడా కలుపుకుని, ఆకూ గడ్డీ పేడా పొరలుగా వేసి తిరగేసే పద్ధతిని తీర్చిదిద్దాడు. దాన్నే ఇండోర్ పద్ధతి అంటారు. తరవాత 1939లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య గుంతలో నింపి మట్టితో కప్పి తిరగెయ్యకుండా వదిలే పద్ధతి పెట్టాడు. దానికి శ్రమ తక్కువ, ఆరేడు నెలలు పడుతుంది. మొదటి కొద్ది రోజులే వేడి ఉంటుంది, ఆ తరవాత గాలి అందక నెమ్మదిగా మాగుతుంది. రెండూ మంచివే. కానీ క్రిముల భయం ఉన్న చోట, ఇంట్లో చిన్నపిల్లలున్న చోట, తిరగేసే పద్ధతినే నేను ఎంచుకుంటాను.

"మరి తాతల కాలంలో ఎవరు కొలిచారు మామయ్యా ఈ డిగ్రీలు? పెంట తోలారు, పంట తిన్నారు" అంటావేమో. అడగవలసిన ప్రశ్నే. మన ఊళ్ళో పెంటకుప్ప ఏడాది పొడుగునా దొడ్డి వెనక మాగేది. వేసవిలో బళ్ళకెత్తి పొలానికి తోలి, చిన్న చిన్న కుప్పలుగా పోసి, చల్లి, తొలకరికి దున్నేవారు. ఆ తరవాత వరో జొన్నో వేసేవారు. కోతకొచ్చేసరికి మూణ్ణాలుగు నెలలు. గింజ నేలకు తగలకుండా వెన్నులో పండేది. దంచి, ఉడికించి తినేవారు. పెంటకీ నోటికీ మధ్య అంత కాలమూ అంత మంటా ఉండేవి. తాతలు డిగ్రీలు కొలవకపోయినా వాళ్ళ పద్ధతిలోనే ఆ రక్షణ ఉంది. అమెరికాలో సేంద్రియ సాగు నియమాలు ఇవాళ చెప్పేదీ ఇదే. పచ్చి పెంటని, నేలకు తగిలే పంటకైతే కోతకు 120 రోజుల ముందే వెయ్యాలి, తగలని పంటకైతే 90 రోజులు.

నీ తోటలో జరిగేది వేరు. ఇవాళ కొత్తిమీర మడిలో గుప్పెడు ఎరువు చల్లుతావు. ఎల్లుండి అదే మడిలోంచి నాలుగు రెమ్మలు తుంపి, కుళాయి కింద ఒకసారి తిప్పి, పెరుగు పచ్చడిలో వేస్తావు. ఆ ఎరువుకీ నీ నోటికీ మధ్య రోజులూ లేవు, మంటా లేదు. నేను భయపడేది ఒక్క ఈ చోటే. వంగ, బెండ, బీర, సొర, గోరుచిక్కుడు, పొయ్యెక్కే కూరలకి నీ కుప్పలో కాస్త లోటున్నా నిప్పు సరిదిద్దుతుంది. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, ఉల్లికాడలు, కీరా, క్యారెట్, ముల్లంగి, ఆ లెట్యూస్ ఆకు, వీటికి మాత్రం వేడెక్కి, తిరగేసి, చల్లారి, ఇంకో నెలా రెండు నెలలు మాగిన ఎరువు తప్ప వేరేది వెయ్యకు. విత్తనం వేసే ముందే మట్టిలో కలుపు, మొక్క మొలిచాక ఆకుల మీద పడేటట్టు చల్లకు. ఉప్పు నీళ్ళలో, పసుపు నీళ్ళలో నానబెడితే సరిపోతుందని మీ అత్తగారు అంటారు. కడగడం మంచి అలవాటే, మట్టీ కొంత క్రిమీ పోతాయి. కానీ ఆకు ముడతల్లో చేరినవి ఆ నీళ్ళకి పూర్తిగా పోవు. అందుకే మడి దగ్గరే జాగ్రత్త పడాలి.

ఇ. కొలైలో చాలా రకాలు మన పేగుల్లో కిమ్మనకుండా బతికేవే. కానీ ఓ157 అనే రకం ఉంది, పశువుల పేగుల్లో ఉంటుంది, పశువుకి ఏమీ చెయ్యదు. మనిషి కడుపులోకి వందకు లోపు కణాలు పోయినా చాలు, నెత్తురు విరేచనాలు పట్టుకోవచ్చు. అయిదేళ్ళ లోపు పిల్లల్లో కొందరికి మూత్రపిండాల దాకా పోతుంది. బుజ్జిగాడికి మూడేళ్ళు. మట్టి చేతులు నోట్లో పెట్టుకునే వయసు. వాడు తోటలోకి రాకూడదని నేను అనను, మట్టి తెలియని పిల్లాడుగా పెంచమని అసలే అనను. మాగిన మట్టి ఉన్న మడి దగ్గర వాడికి ఒక చిన్న పార ఇచ్చి కూర్చోబెట్టు. మాగుతున్న కుప్ప దగ్గరికి మాత్రం రానివ్వకు, చుట్టూ ఒక తడికె కట్టు. ఆట అయ్యాక సబ్బుతో, గోళ్ళ సందులు కూడా, నువ్వే కడుగు. వాడికి ఎప్పుడైనా విరేచనంలో నెత్తురు కనిపిస్తే మందుల షాపులో యాంటీబయాటిక్ తెచ్చి పొయ్యకుండా అదే రోజు డాక్టరుకి చూపించు.

వర్మీ కంపోస్టు గురించి కూడా ఒక మాట. అది ఎంతో మంచి ఎరువు. కానీ వానపాములు 35 డిగ్రీలు దాటితే బతకవు. అంటే ఆ తొట్టి ఎప్పుడూ వేడెక్కలేదన్నమాట. వానపాము పేగులోంచి పోయేటప్పుడు కొన్ని చెడ్డ క్రిములు తగ్గుతాయి, నిజమే, కానీ ఎంత తగ్గాయో చువ్వ దింపి చూసుకునే వీలు లేదు. ముందు ఆకుల్ని కుప్పలో వేడెక్కించి, చల్లారాక వానపాముల తొట్టిలోకి మార్చడం సరైన పద్ధతి. సంచుల్లో కొనేది అలా చేసిందో లేదో అడుగు. చెప్పలేకపోతే ఆ ఎరువుని మందారానికీ గులాబీకీ వెయ్యి.

అలాగే జీవామృతం. 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు మట్టి కలిపి పులియబెడతారు. సుభాష్ పాలేకర్ గారు చెప్పిన ఆ పద్ధతిని వేలమంది రైతులు అనుసరిస్తున్నారు, వాళ్ళంటే నాకు గౌరవం. కానీ బెల్లం వేసినప్పుడు మంచి బాక్టీరియాతో పాటు పేడలో ఉన్న చెడ్డవి కూడా ఆ తీపి తిని పెరగగలవు. కంపోస్టు నానేసిన నీళ్ళలో బెల్లమో మొలాసిసో కలిపినా అదే జరుగుతుంది. అందుకని దాన్ని నేలకి పొయ్యి, మొక్క మొదట్లో పొయ్యి. పచ్చిగా తుంచే ఆకుల మీద పిచికారీ చెయ్యకు.

ఇప్పుడు గాలి సంగతి. ఆస్ట్రేలియాలో 1988, 89 ప్రాంతంలో కొందరు తోట పని చేసేవాళ్ళకి విచిత్రమైన న్యుమోనియా వచ్చింది. కారణం వెతికితే కుండీల్లో పోసుకునే సంచి మట్టిలో లెజియోనెల్లా లాంగ్‌బీచే అనే బాక్టీరియా దొరికింది. ఆ మట్టిని కంపోస్టు చేసిన చెట్ల బెరడు, రంపపు పొట్టులాంటి వాటితో తయారు చేస్తారు. పొడి ఎగిరినప్పుడు పీలిస్తేనూ, చేతులు కడుక్కోకుండా నోటి దగ్గర పెట్టుకుంటేనూ వస్తుంది. న్యూజిలాండ్‌లోనూ ఈ జబ్బు కనిపిస్తూనే ఉంటుంది. అక్కడ సంచుల మీద హెచ్చరిక అచ్చువేస్తారు. వయసు మీరినవాళ్ళకీ, పొగ తాగేవాళ్ళకీ, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళకీ ప్రమాదం ఎక్కువ. మీ మామగారు ఎన్నో ఏళ్ళు సిగరెట్లు కాల్చి మానేసిన మనిషి. సంచి విప్పడం ఆయనకి అప్పజెప్పకు. నువ్వు విప్పినా ఆరుబయట, మొహం పక్కకి పెట్టి, ముందు కాసిని నీళ్ళు చిలకరించి విప్పు. కుప్ప తిరగేసేటప్పుడు పొడి లేస్తుంటే మాస్కు కట్టుకో.

మీ అత్తగారికి షుగరుంది కదా. వానాకాలంలో ఆవిడ వట్టి కాళ్ళతో పెరట్లోకి పోయి పూలు కోస్తారని నాకు తెలుసు. దక్షిణాది నేలల్లో, తీర ప్రాంతాల్లో మరీ ఎక్కువగా, బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే బాక్టీరియా బురదలో ఉంటుంది. అది తెచ్చే జబ్బు మెలియాయిడోసిస్. షుగరున్నవాళ్ళనే ఎక్కువగా పట్టుకుంటుంది, వానలు పడే రోజుల్లోనే ఎక్కువ. జ్వరం తగ్గకుండా ఉంటుంది, టీబీ అని పొరబడే వీలుంది. ఇది కంపోస్టు వల్ల వచ్చే జబ్బు కాదు, మట్టీ బురదా వల్ల వచ్చేది. అయినా తోటలో తిరిగే మనిషికి రెండూ ఒకే చోట ఉంటాయి. ఆవిడకి మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనిపెట్టు, కాలి మీద ఎక్కడైనా పుండుంటే మానేదాకా పెరట్లోకి దిగనివ్వకు. జ్వరం వస్తే "ఈవిడ మట్టిలో పని చేస్తారు" అని డాక్టరుకి నువ్వే చెప్పు. ఆ ఒక్క మాటతో డాక్టరు వెతికే దారి మారుతుంది.

ఇంకో రెండు విషయాలు. కుక్క పెంట, పిల్లి పెంట, మాంసం, చేప తుక్కు, డైపర్లు, పచ్చి కోళ్ళ ఎరువు ఇంటి కుప్పలో వెయ్యకు. అవి పెద్ద ఎత్తున, కొలిచి చేసే చోట వెయ్యాల్సినవి. వీధి ఆకులు తెచ్చినా గుమ్మం దగ్గరే ఒక్కసారి పరిచి ఏరు. రెండోది, ఎక్కువమంది మరిచిపోయేది పార. పచ్చి ఆకులూ పేడా ఎత్తిన పారతోనే మాగిన ఎరువు ఎత్తితే, అన్ని రోజులు కష్టపడి చంపినవి మళ్ళీ వచ్చి చేరతాయి. వేడి చల్లారిన కొత్తలో పోటీ పడే మంచి బాక్టీరియా తక్కువగా ఉండి, తడి తగిలితే సాల్మొనెల్లా త్వరగా పెరుగుతుంది. మాగిన ఎరువుకి వేరే పార పెట్టుకో, రంగు తాడు కట్టి గుర్తుంచుకో. మాగిన ఎరువుని నీడలో, కుక్కా పిల్లీ ఎక్కని చోట, గోనె కప్పి ఉంచు. నెలా రెండు నెలలు అలా మాగనిస్తే మంచి బాక్టీరియా అందులో స్థిరపడి చెడ్డవాటికి తిండి మిగల్చవు. ఆ నెల రోజులు ఆగలేకే చాలా మంచి ఎరువులు పాడవుతున్నాయి.

మేడ మీద డ్రమ్ములోనో, మట్టి కుండలోనో చేసేవాళ్ళు మీ స్నేహితుల్లో ఉంటే వాళ్ళకీ చెప్పు. అంత చిన్న పాత్ర ఎంత బాగా చేసినా 55 డిగ్రీలు అందుకోవడం కష్టం. వాళ్ళు ఆ ఎరువుని పూల మొక్కలకీ, కరివేపాకు చెట్టుకీ, మునగకీ, ఉడికించి తినే కూరలకీ వేసుకుంటే ఏ బెంగా లేదు. నలుగురు స్నేహితులు కలిసి మీ పెరట్లో ఒకే పెద్ద కుప్ప వేసుకుంటే ఇంకా మేలు. అప్పుడు వేడీ వస్తుంది, తిరగెయ్యడానికి చేతులూ ఉంటాయి.

ఇంత వేడికీ చావనిది ఒకటుంది. ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రీడియం టెటానీ. దాని బీజాలు మట్టిలో, పెంటలో ఏళ్ళ తరబడి ఉంటాయి, 60 డిగ్రీలు వాటికి లెక్క కాదు. మన దేశంలో బాలింతలకీ పురిటి బిడ్డలకీ వచ్చే ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చామని 2015లో ధ్రువీకరించారు. అది టీకాల వల్లా, శుభ్రమైన కాన్పుల వల్లా జరిగింది, మట్టిలోంచి ఆ క్రిమి పోయినందువల్ల కాదు. గులాబీ ముల్లు గుచ్చుకున్నా, పార అంచు గీరినా వెంటనే సబ్బు నీళ్ళతో కడుగు. పెద్దవాళ్ళు పదేళ్ళకొకసారి ఈ టీకా వేయించుకోవాలి. నీకు బుజ్జిగాడు కడుపులో ఉన్నప్పుడు వేశారు కాబట్టి ఇంకా కాలం ఉంది. మీ ఆయనా, అత్తగారూ, మామగారూ ఎప్పుడు వేయించుకున్నారో వాళ్ళకే గుర్తుండదు. ఈ ఆదివారం కుప్ప తిరగేసే ముందే ముగ్గుర్నీ దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళి వేయించు తల్లీ.

మీ పెద్ద మామయ్య